వంటింట్లో విన్న సంఘ చరిత్ర



పప్పు ఉడుకుతున్నంతసేపూ, ఆరిన బట్టలు మడతలు పెడుతున్నంతసేపూ మన చేతులకే పని గాని, చెవులకు తీరికే. ఆ తీరికను రేడియో ఎంతోకాలంగా వాడుకుంటోంది. ఇప్పుడు దానికి తోడుగా పాడ్‌కాస్ట్ అనేది వచ్చింది. పేరు కొత్తదే గాని వస్తువు మనకు తెలిసిందే. రేడియో ప్రసంగం లాంటిదే ఫోనులో దాచిపెట్టి ఉంటుంది. వేళకు వచ్చి కూర్చోనక్కరలేదు. పాలు పొంగితే ఆపేసి, స్టవ్వు కట్టి వచ్చి, ఆపినచోటునుంచే మళ్ళీ వినవచ్చు. అర్థం కాని ముక్కను నాలుగుసార్లు చెప్పించుకోవచ్చు, చెప్పేవారికి విసుగు రాదు. ఇంట్లో మనవాళ్ళను ఒకే సంగతి నాలుగుసార్లు అడిగి చూడండి, తేడా తెలుస్తుంది.

వీటిలో సినిమా కబుర్లున్నాయి, వంటలున్నాయి, షేర్ల మార్కెట్టు కూడా ఉంది. నేను వింటున్నవి మాత్రం క్రైస్తవ సంఘం పుట్టి పెరిగిన తొలి నాలుగైదు వందల ఏళ్ళ చరిత్ర, ఆ రోజుల్లో దేవుణ్ణి గురించి జరిగిన వాదోపవాదాలు. క్రైస్తవులు కాని సోదరీమణులు ‘ఇది మనది కాదులే’ అని రేడియో కట్టేయకండి. ఇందులో జైలు ఉంది, చంటిబిడ్డలున్నారు, తిరగలి పాటలున్నాయి, ఒక అక్కగారు తన చేత్తో చేసిన రొట్టె ఉంది.

మా చర్చిలో సంస్కారపు ఆరాధన జరిగే ఆదివారాల్లో అందరం లేచి నిలబడి నైసియ విశ్వాస ప్రమాణం చెబుతాం. చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిందే. అందులో కుమారుణ్ణి గురించి చెప్పేచోట మాటలు విచిత్రంగా ఉంటాయి. ఆయన తండ్రినుండి జనించినవాడే గాని చేయబడినవాడు కాడని, తండ్రిదీ ఆయనదీ ఒకే తత్త్వమని, ఒకే సంగతిని అటు తిప్పీ ఇటు తిప్పీ చెబుతారు. ప్రార్థనలా ఉండదు, వకీలు రాసిన దస్తావేజులా ఉంటుంది. ఎదుటివాడు ఎక్కడా సందు దూరకుండా రాసినట్టుంటుంది. ఆ ఎదుటివాడు ఎవరు? ఏమన్నాడు? ఈ ప్రశ్నకు జవాబు కోసమే నేను మొదట ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నాను.

‘మెట్రిక్ చదివిన మనకు దైవశాస్త్రం ఎక్కడ ఎక్కుతుందండీ’ అంటారేమో. అసలు ఆ మొదటి రోజుల్లో క్రైస్తవుల్లో చదవను వచ్చినవాళ్ళు కొద్దిమందే. పౌలు ఉత్తరం రాస్తే ఒకరు చదివేవారు, ఇంటినిండా కూర్చుని మిగతావాళ్ళు వినేవారు. ప్రకటన గ్రంథం మొదట్లోనే ఆశీర్వాదం చదివేవాడికి ఏకవచనంలో, వినేవారికి బహువచనంలో ఉంది. చూశారా, పుస్తకం రాసినవారికే తెలుసు వినేవాళ్ళే ఎక్కువని. ఈ మతం కళ్ళకంటే ముందు చెవులగుండా పాకింది. గుళ్ళూ గోపురాలూ లేవు. కూడుకునేది ఇళ్ళల్లోనే. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు డేరాలు కుట్టుకుని బతికేవారు. వాళ్ళ ఇంట్లో సంఘం ఉండేదని పౌలే రాశాడు. ఇంట్లో సంఘం అంటే ఏమిటో మగవారికి ఎంత అర్థమైందో గాని, మనకు వెంటనే అర్థమవుతుంది. అంతమందికి చాపలు పరిచిందెవరు, రొట్టెలు చేసిందెవరు?

రోమీయులకు రాసిన పత్రిక, పౌలు ఉత్తరాల్లోకెల్లా బరువైనది, సుమారు 57లో రాసిందంటారు. దాని చివరి అధ్యాయంలో వందనాలే వందనాలు. మనం ఉత్తరం చివర ‘చిన్నమ్మకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు’ అని రాస్తాం చూడండి, అలాగ. చాలామంది దాన్ని గబగబా దాటేస్తారు. పాడ్‌కాస్టులో పండితులు అక్కడే ఆగి గంటసేపు మాట్లాడతారు. మొదటి పేరు ఫీబే. కొరింథు దగ్గర కెంక్రేయ అనే రేవు ఊళ్ళో సంఘ పరిచారకురాలు. ఆ ఉత్తరాన్ని రోముకు మోసుకెళ్ళింది ఆవిడేనని చాలామంది పండితుల అభిప్రాయం. తెచ్చినవాళ్ళే అడిగినవాటికి అర్థం చెప్పడం అప్పట్లో ఉన్నదే కూడాను.

ఇంకాస్త కిందికి వస్తే యూనీయ. అంద్రొనీకుతో కలిపి ఆవిడను అపొస్తలుల్లో పేరుగలవారని పౌలు మెచ్చుకున్నాడు. నాలుగో శతాబ్దంలో గొప్ప ప్రసంగీకుడైన జాన్ క్రిసోస్తమ్ ఈవిడ స్త్రీ అనే చెప్పి పొగిడాడు. ఆ తర్వాతి కాలంలో, అపొస్తలుల్లో ఆడది ఎలా ఉంటుందని కాబోలు, ఆవిడను మగవాణ్ణి చేసేశారు. 1927లో అచ్చయిన గ్రీకు ప్రతిలో పేరు మీది గుర్తు మార్చి పురుష నామంగా వేశారు. మళ్ళీ 1998 ముద్రణలో గాని దిద్దలేదు. ఒక గుర్తు మారిస్తే ఒక మనిషి మారిపోయింది! మన తెలుగులో ‘వీరు’ అని గౌరవంగా అంటే ఆడో మగో బయటపడదు గనక మనం ఆ గొడవలో పడకుండానే చదువుకున్నాం.

ఇక ఆ దస్తావేజు సంగతికి వస్తాను. ఈజిప్టులో అలెగ్జాండ్రియా అనే మహానగరం. అక్కడ ఏరియస్ అనే పెద్దాయన ఒక చర్చికి గురువు. మంచి మాటకారి. ఆయన వాదం వినడానికి సులువుగానే ఉంటుంది. తండ్రి ముందు, కొడుకు తర్వాత కదా? కాబట్టి కుమారుడు లేని కాలం ఒకటి ఉండి ఉండాలి. ఆయన సృష్టిలో మొదటివాడు, అందరికంటే గొప్పవాడు, కాని దేవుడితో సమానుడు కాడు. దీన్ని ఊరికే ఉపన్యాసంగా చెప్పి ఊరుకోలేదు. ఓడలమీద వెళ్ళేవాళ్ళకూ, దారినపోయేవాళ్ళకూ, తిరగలి దగ్గర పనిచేసేవాళ్ళకూ పాటలు కట్టి ఇచ్చాడని ఫిలోస్టోర్జియస్ అనే పాతకాలపు చరిత్రకారుడు రాశాడు. నేను అక్కడ ఆపి మళ్ళీ విన్నాను. తిరగలి పాటలు! మన అమ్మమ్మలు పిండి విసురుతూ సీతమ్మ కష్టాలు పాడుకున్నట్టు, ఆ ఊళ్ళో దేవుడి తత్త్వం గురించి పాడుకున్నారన్నమాట.

ఆ గొడవ ముదిరి చక్రవర్తి కాన్‌స్టాంటైన్ దాకా వెళ్ళింది. ఆయన 325లో నైసియ ఊరికి బిషప్పులందరినీ పిలిపించాడు. ఇప్పుడు అది తుర్కియేలో ఇజ్నిక్ అనే ఊరు. సుమారు మూడువందలమంది వచ్చారు. కొద్ది ఏళ్ళ కిందటిదాకా అధికారుల చేతుల్లో హింసలు పడ్డ సంఘానికి ఇప్పుడు చక్రవర్తి ఖర్చుమీద ప్రయాణాలు! ఆ సభలో ఏరియస్ మాటకు సందు లేకుండా రాసిన పత్రమే మన విశ్వాస ప్రమాణానికి మొదటి రూపం. చివరకు ఇద్దరు బిషప్పులు తప్ప అందరూ సంతకాలు పెట్టారు. ఏరియస్‌ను దేశం దాటించారు. ఇప్పుడు మనం చర్చిలో చెప్పే రూపానికి 381లో కాన్‌స్టాంటినోపుల్లో జరిగిన సభ పేరు ముడిపడి ఉంది. పరిశుద్ధాత్మను గురించిన భాగం పెరిగింది అందులోనే. 2025లో నైసియ సభకు 1700 ఏళ్ళు నిండాయి. ఆ నవంబరులో పోపు పద్నాలుగవ లియో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ బర్తొలొమయి ఆ ఊళ్ళోనే కలిసి ప్రార్థన చేశారు.

సంతకాలతో గొడవ తీరిందనుకుంటున్నారా? అసలు రగడ అంతా ఆ తర్వాతే. ముప్పై ఏళ్ళు గడిచాక కొందరు రాజీ మాట ఒకటి తెచ్చారు. తండ్రితో ‘ఒకే తత్త్వం’ అనవద్దు, ‘ఒకేలాంటి తత్త్వం’ అందాం అన్నారు. గ్రీకులో ఈ రెండు మాటలకూ తేడా ఒక్క అక్షరం. ఒక్క అక్షరం కోసం రాజ్యమంతా కొట్టుకోవాలా అని తర్వాతి కాలం వారు ఎగతాళి చేశారు. మనం మాత్రం చెయ్యం. బంగారానికీ, బంగారంలాంటిదానికీ తేడా ఎంతో మెళ్ళో గొలుసు ఉన్న ప్రతి ఆడదానికీ తెలుసు. ‘లాంటి’ అనే ముక్క కలిపితే తూకం మొత్తం మారిపోతుంది. మనలను రక్షించినవాడు దేవుడా, దేవుడిలాంటి ఇంకొకరా అన్నదే ప్రశ్న. ఇంకొకరైతే దేవుడు తాను రాకుండా మనిషిని పంపి ఊరుకున్నాడన్నమాట. అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ అక్కడే పట్టు పట్టి, ఆ పట్టు కోసం అయిదుసార్లు ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ఇంత విన్నాక ఆ ప్రమాణం చెబుతుంటే ఒక్కొక్క మాట బరువు నాలుకకు తెలుస్తోంది.

ఈ వాదన బిషప్పుల మధ్యే ఉండిపోలేదు. 380లలో కాన్‌స్టాంటినోపుల్ నగరంలో చిల్లర అడిగితే కుమారుడి జననం గురించి చెబుతున్నారని, రొట్టె ధర అడిగితే తండ్రే గొప్ప అంటున్నారని, స్నానానికి నీళ్ళు సిద్ధమా అంటే కుమారుడు శూన్యంలోంచి వచ్చాడంటున్నారని నిస్సా బిషప్పు గ్రెగరీ విసుక్కున్నాడు. ఆయన విసుగు మాట ఎలా ఉన్నా, నాకు మాత్రం ముచ్చటేసింది. రొట్టెలమ్మేవాడికి కూడా దేవుడి సంగతి పట్టిన ఊరు! అటు సిరియా వైపు ఎఫ్రేము అనే భక్తుడు, 373లో పోయాడు, ఆడపిల్లల చేత పాటలు పాడించి సరైన బోధ నేర్పాడని ఆ ప్రాంతపువారు చెప్పుకునేవారు. ఆయన పేరున్న కీర్తనలు మన కేరళ సిరియన్ చర్చీల్లో ఇవాళ్టికీ పాడుతున్నారు.

మనసులో నిలిచిపోయింది మాత్రం పెర్పెతువ కథ. కథ అంటున్నాను గాని, ఆవిడ జైల్లో స్వయంగా రాసుకున్నది. ఆఫ్రికా ఉత్తర తీరాన, ఇప్పటి ట్యునీషియాలో, కార్తేజి అనే పట్నం. 203వ సంవత్సరం. మంచి కుటుంబం, చదువుకున్న పిల్ల, ఇరవై రెండేళ్ళు. చంకలో పాలు తాగే మగబిడ్డ. క్రైస్తవ మతంలో చేరడానికి పాఠాలు నేర్చుకుంటోందని పట్టుకెళ్ళారు. తండ్రి వచ్చి బతిమాలాడు. అక్కడున్న కూజాను చూపించి, దాన్ని దాని పేరుతో కాక మరో పేరుతో పిలవగలమా నాన్నా అని అడిగి, తనూ అంతే, తనను క్రైస్తవురాలు అని తప్ప మరో పేరు పెట్టడం కుదరదంది.

ఆవిడ జైలు గురించి ఏం రాసిందో వినండి. చీకటి, ఉక్క, సిపాయిల తోపుడు, అన్నిటికంటే బిడ్డమీద బెంగ. బిడ్డ పాలు లేక సొమ్మసిల్లుతున్నాడు. సంఘంవాళ్ళు కాపలావాళ్ళకు డబ్బిచ్చి కొన్ని గంటలు మంచి గదిలోకి మార్పిస్తే బిడ్డకు పాలిచ్చుకుంది. తర్వాత బిడ్డను దగ్గర ఉంచుకోనిస్తే, జైలే తనకు రాజభవనమైందని రాసింది. విచారణ రోజున తండ్రి ఆ బిడ్డను ఎత్తి చూపించి జాలిపడమన్నాడు. అధికారి ఆ ముసలాయన్ను బెత్తంతో కొట్టించాడు. ఆ దెబ్బ తనకే తగిలినట్టయిందట. తర్వాత బిడ్డను అడిగి పంపితే తండ్రి ఇవ్వలేదు. అప్పుడు రాసింది చూడండి: దేవుడి దయవల్ల బిడ్డ మళ్ళీ పాలు కోరలేదు, తన రొమ్ములు గడ్డకట్టి సలుపు రాలేదు, ఆ విధంగా ఆ బెంగా లేకుండా, ఈ నొప్పీ లేకుండా పోయిందని. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి ఈ మాట ఏ మగ చరిత్రకారుడి కలంలోంచి వస్తుంది చెప్పండి?

ఆవిడతోపాటు ఫెలిసితా అనే బానిస పిల్ల. ఎనిమిదో నెల గర్భిణి. గర్భిణికి మరణశిక్ష వెయ్యకూడదని అప్పటి చట్టం. అందువల్ల తనవాళ్ళకు దూరమై తర్వాత వేరెవరితోనో చావవలసి వస్తుందని ఆ పిల్ల దిగులు. అందరూ ప్రార్థన చేశారు. జైల్లోనే ఆడపిల్ల పుట్టింది. ఆ పసిగుడ్డును సంఘంలో ఒక సోదరి తన కూతురిలా పెంచుకుంది. మార్చి 7న రంగస్థలంలో వీళ్ళను జంతువుల ముందుకు తోలి, చివరకు కత్తికి బలిచేశారు. యజమానురాలి తరగతి పిల్లా, బానిస పిల్లా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డారు. చావు ముందురోజు దాకా తన రాత పెర్పెతువ రాసుకుంది. మిగతాది మరొకరు పూర్తి చేశారు. క్రైస్తవ స్త్రీ స్వయంగా రాసినవాటిలో మనకు దక్కిన అతి పాతవాటిలో ఇది ఒకటి. ఇది విన్న రోజు నేను మాత్రం మరో ఎపిసోడు పెట్టలేదు.

నిస్సా గ్రెగరీ అన్నాను కదా, ఆయనకు మక్రీనా అని ఒక అక్క. ఆవిడ తమ్ముళ్ళు బాసిల్, గ్రెగరీ ఇద్దరూ సంఘపు మహా పండితులు. బాసిల్ పెద్ద చదువులు చదివి గర్వం తలకెక్కి ఇంటికొస్తే, ఆయన్ను దారికి తెచ్చింది మక్రీనాయేనని గ్రెగరీ రాశాడు. తల్లికి తన చేత్తో రొట్టె చేసి పెట్టేదట. ఆవిడ 379లో పోయే ముందు గ్రెగరీ వెళ్ళి ఆత్మను గురించీ, పునరుత్థానాన్ని గురించీ ఆవిడతో మాట్లాడాడు. ఆ సంభాషణను పుస్తకంగా రాసినప్పుడు ఆయన ఆవిడను గురువనే పిలిచాడు. రొట్టె చేసిన చెయ్యే పాఠమూ చెప్పింది.

ఇవన్నీ తెలుసుకుని ఏం లాభం అంటారా? ఒకచోట స్త్రీల కూటంలో ఎవరో ప్రశ్న అడగబోతే, ఒక పెద్దాయన కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయం చూపించి, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని ఉంది, మీకెందుకమ్మా ఇవన్నీ అన్నారు. అంతా ఊరుకున్నారు. నేను మాత్రం నెమ్మదిగా, అయ్యగారూ, అదే పత్రికలో పదకొండో అధ్యాయంలో ప్రార్థన చేసే, ప్రవచించే స్త్రీలు తల కప్పుకోవాలని కదండీ ఉంది, మాట్లాడకూడనివాళ్ళకు ఆ నియమం ఎందుకండీ అని అడిగాను. కొన్ని పాత రాతప్రతుల్లో ఆ మౌనం వచనాలు చోటు మారి అధ్యాయం చివర కనబడతాయని కూడా చెప్పాను. పండితులు దీనికి రకరకాల అర్థాలు చెబుతారు, తేల్చడం నా వంతు కాదు. కాని ఒక్క వచనం చేతిలో పట్టుకుని ఒక గదినిండా ఆడవాళ్ళ నోరు మూయించడం ఇక కుదరదు. ఆ పెద్దాయన కోప్పడలేదు. చూసి చెబుతానమ్మా అన్నారు. ఇంకా చూస్తున్నట్టున్నారు. అటు మన నంద్యాల డయాసిస్‌కు 2013లోనే పుష్పలలిత గారు బిషప్పయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో బిషప్పయిన తొలి మహిళ ఆవిడే.

వినేటప్పుడు జాగ్రత్తలు కూడా చెప్పాలి. మైకు దొరికిన ప్రతివాడూ పండితుడు కాడు. మాట్లాడుతున్నది బోధకుడా, చరిత్రకారుడా అని మొదట చూసుకోండి. ఇద్దరూ అవసరమే గాని, ఇద్దరి పనీ ఒకటి కాదు. బోధకుడు మనం ఎలా బతకాలో చెబుతాడు, చరిత్రకారుడు అప్పుడేం జరిగిందో, అది ఎలా తెలిసిందో చెబుతాడు. ‘ఎలా తెలిసింది’ అన్నది చెప్పకుండా రహస్యాలు బయటపెడతానన్నవాణ్ణి నేను అయిదు నిమిషాల్లో కట్టేస్తాను.

ఉదాహరణకు, యేసు దేవుడని నైసియ సభలోనే మొదటిసారి ఓటు వేసి తేల్చారని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. 2003లో వచ్చిన డావిన్సీ కోడ్ నవల దాన్ని ఊరూరా చేర్చింది. ఇది నిలవదు. నైసియకు రెండు వందల ఏళ్ళ ముందే, సుమారు 112లో, ప్లినీ అనే రోమను గవర్నరు చక్రవర్తి ట్రాజనుకు రాసిన ఉత్తరం ఉంది. క్రైస్తవులు తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారని అందులో రాశాడు. ఇంకా వివరం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను హింస పెట్టించానని, వాళ్ళను సంఘంలో పరిచారికలంటారని కూడా రాశాడు. ఆ ఇద్దరి పేర్లు రాయలేదు. బైబిల్లో ఏ పుస్తకాలుండాలో నైసియలోనే నిర్ణయించారన్నది ఇంకో గాలి మాట. కొత్త నిబంధనలోని ఇరవై ఏడు పుస్తకాలూ, అవే, ఎక్కువా తక్కువా లేకుండా ఒక జాబితాగా కనబడేది అతనాసియస్ 367లో ఈస్టరుకు రాసిన ఉత్తరంలో.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో డేల్ మార్టిన్ అనే ఆచార్యుడు 2009లో చెప్పిన కొత్త నిబంధన పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఆయన చరిత్రకారుడిగా చెబుతాడు. కొన్ని మాటలు మన విశ్వాసానికి గుచ్చుకుంటాయి, గుచ్చుకోనివ్వండి. బీబీసీవారి ‘ఇన్ అవర్ టైమ్’ 1998లో మొదలైంది. ముగ్గురు పండితులను కూర్చోబెట్టి ముప్పావుగంట మాట్లాడిస్తారు. నైసియ ప్రమాణం మీద కూడా ఒక భాగం ఉంది. బైబిలంతా ఏడాదిలో వినాలంటే 2021లో మైక్ ష్మిట్జ్ అనే కాథలిక్ ఫాదరు మొదలుపెట్టింది ఉంది, అది చరిత్ర కాదు, భక్తి. తెలుగులో నాకు దొరికినవి ఎక్కువగా ప్రసంగాలే. చరిత్ర తెలిసిన తెలుగువారెవరైనా పూనుకుంటే ఎంత బాగుంటుంది!

ఇంగ్లీషు వేగం అందకపోతే ఫోనులో వేగం తగ్గించుకునే మీట ఉంటుంది. ముప్పాతిక వేగానికి పెట్టుకోండి, దొరగారు కూడా మన కాన్వెంటు పంతులమ్మలా నిదానంగా మాట్లాడతాడు. పోపు పెట్టేటప్పుడు మాత్రం వినకండి, ఒక వాక్యం పోతుంది లేదా ఆవాలు మాడతాయి. పక్కన ఒక పాత నోటుపుస్తకం ఉంచుకుని పేరు, ఊరు, సంవత్సరం రాసుకోండి. అన్నిటికంటే ముందు పెర్పెతువ గురించి వినండి. ఆవిడ రాసుకున్నది చిన్నదే, ఒక మధ్యాహ్నం చాలు. విన్నాక పక్కింటి ఆవిడకు చెప్పండి, ఆవిడ ఏ మతమైనా సరే. బిడ్డ పాలు మరిచిన చోట ఆవిడ ఏమంటుందో నాకు ఉత్తరం రాయండి.

సెలవు.